సౌర పంపుకు రాయితీ - బోరుబావికి రక్షణ

ఒక లీటరు డీజిల్ మండితే సుమారు 2.6 కిలోల కార్బన్ డయాక్సైడు గాలిలో కలుస్తుంది. ఈ కాలుష్యాన్ని, రైతుపై ఇంధన భారాన్ని తగ్గించుటకు కేంద్ర ప్రభుత్వం 2019లో పి.ఎం. కుసుమ్ పథకాన్ని ప్రారంభించినది. విద్యుత్తు అందని పొలాల్లో 7.5 హెచ్.పి. వరకు సౌర పంపు ధరలో సాధారణంగా కేంద్రం 30 శాతం, రాష్ట్రం కనీసం 30 శాతం భరించాలని మార్గదర్శకాలు నిర్దేశించాయి. మరో 30 శాతం వరకు బ్యాంకు రుణం లభిస్తే రైతు తొలుత 10 శాతం సమకూర్చుకొంటే సరిపోతుంది.

అయితే ఒక విషయం గమనించాలి. డీజిల్ ఖర్చు నీటి వాడకానికి ఒక హద్దుగా ఉండేది. ఎండతో నడిచే పంపుకు ఆ హద్దు లేదు. అవసరానికి మించి తోడి బోరు ఎండిపోతే రాయితీపై పొందిన పంపు కూడా నిరుపయోగమవుతుంది. అందుచేతనే భూగర్భజలాలు అడుగంటిన ప్రాంతాల్లో కొత్త సౌర పంపులను ఈ పథకం అనుమతించదు. అక్కడ పాత డీజిల్ పంపును మార్చుకొనుటకు సైతం సూక్ష్మసేద్యం తప్పనిసరి.

కావున రైతులు బోరు లోతు, నీటి ఊట, పంట విస్తీర్ణాలను బట్టి పంపు సామర్థ్యాన్ని ఎంచుకొని, బిందు లేదా తుంపర సేద్యంతో జతపరచుకోవాలి. సౌర ఫలకాలపై దుమ్మును తరచుగా శుభ్రపరచాలి.