సెల్‌ఫోనులో దేహదారుఢ్య పాఠములు – ఎంతవరకు నమ్మవలెను?

మే నెలలో ఒకనాటి ఉదయము ప్రొద్దుటూరుకు చెందిన వస్త్రవ్యాపారి ఒకరు తమ కుమారుని వెంటబెట్టుకొని మా వద్దకు వచ్చినారు. కుర్రవానికి 19 ఏండ్లు. తొడలు వాచి, బిగుసుకొని, మెట్లు దిగలేకున్నాడు. ఎండకు వేడి చేసినదని భావించి ఇంటిలో రెండు దినములు సబ్జా నీళ్లు, బార్లీ నీళ్లు త్రాగించినారట. మూత్రము రంగు మారినదా అని అడుగగా, ఆ కుర్రవాడు తండ్రివైపు బెదురుగా చూచి, చిక్కని టీ డికాక్షను వలె వచ్చుచున్నదని చెప్పినాడు. మేము చిట్కా వైద్యములకు పూనుకొనక వెంటనే పెద్ద ఆసుపత్రికి పంపితిమి. నాలుగు దినములు సెలైను ఎక్కించిన పిమ్మట మూత్రపిండములు దక్కినవి.

కారణము విచారింపగా తెలిసినదేమనగా, ముప్పది దినములలో కండలు తిరిగిన దేహము వచ్చునని చెప్పు వీడియో ఒకటి అతడు సెల్‌ఫోనులో చూచినాడు. అంతకుమునుపు ఏనాడును 20 బస్కీలు తీయనివాడు మొదటి దినమే, మిద్దెమీది రేకుల గదిలో, సాయంకాలపు ఉక్కలో 300 బస్కీలు తీసినాడు. అలవాటు లేని కండరములను ఇట్లు ఒక్కసారిగా శ్రమపెట్టినచో వాటి పోగులు చితికిపోవును. వాటిలోని మయోగ్లోబిన్ అను పదార్థము రక్తములో కలిసి మూత్రపిండములను దెబ్బతీయును. ఆధునిక వైద్యులు దీనిని రాబ్డోమయోలైసిస్ అందురు. దేహములో నీరు తగ్గి, ఎండతాపము తోడైనచో ప్రమాదము ఇబ్బడియగును.

"సామీ, వీని చేతిలో ఫోను పెరుక్కోమంటారా?" అని ఆ తండ్రి అడిగినారు. ప్రొద్దుటూరులోనే కాదు, జమ్మలమడుగు, పులివెందులలలోను ఎందరో తల్లిదండ్రుల మనసులో ఉన్న ప్రశ్న ఇదే. దానికి సమాధానముగానే ఈ వ్యాసము.

దూరముననున్న గురువు కొత్త కాదు

మన రాయలసీమ పల్లెలలో గుండు ఎత్తుట, ఇరుసు ఎత్తుట పూర్వమునుండి ఉన్నవే. అక్కడ పడుచువాని ప్రక్కన అనుభవజ్ఞుడైన పెద్ద ఒకడు నిలిచియుండెడివాడు. నడుము వంగినతీరు చూచి, "ఇంక చాలు, దించు" అని చెప్పెడివాడు. వీరఘట్టములో పుట్టి దేశవిదేశములలో ఖ్యాతి గడించిన మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడు (1882–1942) కాలములోను విద్య ఇట్లు గురుముఖముననే సాగినది.

అయితే దూరముననున్న గురువు వద్ద నేర్చుకొనుటయు మనకు కొత్త కాదు. బెంగుళూరులో హెర్క్యులస్ వ్యాయామశాల నడిపిన కె.వి. అయ్యరు 1930ల ప్రాంతములో తపాలా ద్వారా వ్యాయామ పాఠములు నేర్పినారు. తపాలా పాఠములో ఒక సుగుణమున్నది. ఒక పాఠము వచ్చిన పిమ్మట మరొకటి వచ్చువరకు వేచియుండవలెను. ఆ ఎడములో దేహము కుదుటపడును.

మన దేశములో ప్రజలకు ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న అందుబాటులోనికి వచ్చినది. 2016 తరువాత డేటా చౌకయై ఇంటింటికి చేరినది. నేడు పులివెందులలోని విద్యార్థి ప్రపంచములోని ఉత్తమ శిక్షకుల పాఠములను ఖర్చు లేకుండ చూడగలడు. ఇది నిజముగా గొప్ప సౌకర్యమే. లోపమెక్కడనగా, మొదటినాటి పాఠమును, పదేండ్ల సాధకుని పాఠమును ఒకే గంటలో కనబడును. "ఇంక చాలు, దించు" అను పెద్ద మాత్రము అందులో లేడు. ఆ మాట చెప్పవలసినది మన దేహమే.

అర్ధశక్తి అను కొలత

ఆ మాటను వినుట ఎట్లో మన ఆచార్యులు చెప్పియున్నారు. తన బలములో సగమువరకే వ్యాయామము చేయవలెనని సుశ్రుతుడు, వాగ్భటుడు ఇరువురును నియమించినారు. ముక్కుతో ఆడుచున్న శ్వాస నోటికి వచ్చుట, నుదుట, ముక్కుపై, చంకలలో, కీళ్లయందు చెమట పోయుట, నోరెండుట, ఇవి అర్ధశక్తి ముగిసినదనుటకు గుర్తులు. శ్రమించుచు మాటలాడగలిగినచో మితముగా ఉన్నదనియు, మాట తెగిపోవుచున్నచో తీవ్రమైనదనియు నేటి వ్యాయామ శాస్త్రజ్ఞులు చెప్పు పరీక్ష దీనికి ఎంత దగ్గరగా ఉన్నదో గమనింపుడు.

బరువులెత్తువారు ఈ సూత్రమును ఇట్లు పాటించవచ్చును: ఇంకను రెండుమూడు పర్యాయములు ఎత్తగల శక్తి మిగిలియుండగానే బరువును దించవలెను. క్రొత్తవారు 10 బస్కీలు, 5 దండీలతో మొదలిడి వారమునకు కొద్దికొద్దిగా పెంచవలెను. ఒకే కండరమునకు వరుసగా రెండు దినములు భారము పెట్టరాదు.

అతివ్యాయామముతో పాటు అతిజాగరణమును వాగ్భటుడు ఒకే వరుసలో చేర్చి, ఏనుగును ఈడ్చబోయి నశించు సింహముతో పోల్చినాడు. రాత్రి 1 గంటవరకు వ్యాయామపు వీడియోలు చూచి, తెల్లవారుజామున 5 గంటలకు జిమ్‌కు పరుగెత్తు యువకులు ఈ రెండు తప్పులను ఒకేసారి చేయుచున్నారు. కండ పెరుగునది బరువెత్తునపుడు కాదు, విశ్రాంతిలో. 7 నుండి 8 గంటల నిద్ర తప్పనిసరి.

మన ఎండ వేరు

చలికాలమునను, వసంతమునను అర్ధశక్తి వ్యాయామము తగును. మిగిలిన ఋతువులలో ఇంకను తగ్గించవలెనని శాస్త్రము. చలిదేశములలో చల్లని గదులలో తీసిన వీడియోకు మన వైశాఖము తెలియదు. కడప జిల్లాలో ఏప్రిల్, మే నెలలలో ఎండ 40 డిగ్రీలు దాటుట సామాన్యము. కావున ఆ నెలలలో సూర్యోదయమునకు ముందే వ్యాయామము ముగించి, బరువును, సంఖ్యను సగమునకు తగ్గించవలెను. ముందును, నడుమను నీరు త్రాగి, పిమ్మట ఉప్పు కలిపిన పలుచని మజ్జిగ పుచ్చుకొనవలెను.

డబ్బా పొడులా, వంటింటి పప్పులా?

వీడియోలలో పాఠము కన్న పొడుల ప్రకటనయే అధికము. లెక్క చూతము. ఆరోగ్యవంతునికి రోజునకు దేహపు బరువులో కిలోకు 0.83 గ్రాముల మాంసకృత్తులు చాలును. అనగా 60 కిలోల వానికి సుమారు 50 గ్రాములు. బరువులెత్తి కండ పెంచుకొనువానికి కిలోకు 1.2 నుండి 1.6 గ్రాముల వరకు, అనగా 72 నుండి 96 గ్రాములు అవసరమగును.

మన పంటలలో 100 గ్రాములకు వేరుశనగలో సుమారు 24, ఉలవలలో 22, శనగలలో 19 గ్రాముల మాంసకృత్తులున్నవి. రాగులలో 7 గ్రాములే. కావున ఉత్త సంగటితో కండ పెరుగదు, దానికి పప్పో, ఉలవచారో, గ్రుడ్డో, మాంసమో తోడు కావలెను. ఒక దినమునకు 350 గ్రాముల ధాన్యము, 75 గ్రాముల కందిపప్పు, నానబెట్టిన జమ్మలమడుగు నల్లరేగడి శనగలు 50 గ్రాములు, వేరుశనగలు 50 గ్రాములు, పాలు పెరుగు కలిపి అరలీటరు, రెండు గ్రుడ్లు తీసికొన్నచో ఇంచుమించు 90 గ్రాములు చేరును. గ్రుడ్లు తిననివారికి 80 గ్రాములకు కొరత లేదు. వ్యాయామము తరువాత పులివెందుల అరటిపండు ఒకటి, చీనీకాయ రసము ఒక గ్లాసు సేదదీర్చును.

పాలనుండి తీయు వే ప్రొటీను పొడి విషము కాదు. అయినను హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో వెలువరించిన ఆహార మార్గదర్శకములలో ఇట్టి పొడులు వాడకుండుటే మేలని సూచించినది.

మా శాస్త్రము పేరిట జరుగు మోసమును దాచుట ధర్మము కాదు. "ఆయుర్వేద బలవర్ధకము" అని అమ్ముచు, లోపల స్టెరాయిడ్లు కలిపిన పొడులు పరీక్షలలో పట్టుబడినవి. పదిహేను దినములలో ముఖము ఉబ్బి, ఆకలి విపరీతమై, బరువు పెరిగినచో సంతోషింపక అనుమానింపుడు. ఔషధమైనచో తయారీ లైసెన్సు సంఖ్య, బ్యాచి సంఖ్య, ఆహారమైనచో 14 అంకెల ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. సంఖ్య డబ్బాపై ఉండవలెను. అశ్వగంధ మంచి బల్యమే. కాని గర్భిణులు, థైరాయిడు, కాలేయ వ్యాధులున్నవారు వైద్యుని అడుగకుండ వాడరాదు. ఇక కండలకు వేయు హార్మోను సూదులు వృషణములను కృశింపజేయును, సంతానశక్తిని హరించును, గుండెను చెరచును. ఎదిగెడి వయస్సువారి ఎత్తును ఆపివేయును.

ఫోనును వాడుకొను విధము

1. ఒకే శిక్షకుని, ఒకే పద్ధతిని ఎన్నుకొని 12 వారములు పాటింపుడు. దినమునకొక క్రొత్త వీడియో దినమునకొక వైద్యుని మార్చుట వంటిది.

2. చెప్పువాడు ఏదైన అమ్ముచున్నాడేమో చూడుడు. అతని విద్యార్హత, వయస్సు, నేర్పిన అనుభవము విచారింపుడు. "ముప్పది దినములలో" అను మాట వినబడగానే ఆ వీడియోను వదలిపెట్టుడు.

3. ఫోనును అద్దముగా వాడుడు. ప్రక్కనుండి మీ బస్కీని చిత్రించి, శిక్షకుని భంగిమతో పోల్చుడు. మడమలు లేచుచున్నవా, వెన్ను వంగుచున్నదా తెలియును. ఇంటర్నెట్ వలన కలుగు మేలులలో ఇదియే ప్రధానము.

4. తిండి లెక్కకు ప్రకటనలపై ఆధారపడక, జాతీయ పోషకాహార సంస్థ రూపొందించిన "న్యూట్రిఫై ఇండియా నౌ" వంటి వాటిని చూడుడు.

5. చేసిన సంఖ్య, ఎత్తిన బరువు, నిద్ర గంటలు ఒక నోటుపుస్తకములో వ్రాయుడు.

ఇంటిలో పెద్దలకును ఇది వర్తించును. వారమునకు కనీసము 150 నిమిషముల మితమైన నడకయు, రెండు దినములు కండరములకు బలమిచ్చు వ్యాయామమును పెద్దలందరికి అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పినది. అయితే రక్తపోటు, గుండెజబ్బు, మధుమేహము, హెర్నియా ఉన్నవారు ముందు వైద్యుని సలహా పొందవలెను.

మూత్రము నల్లబడుట, కండరము రాయివలె వాచుట, ఛాతీలో నొప్పి, కళ్లు తిరిగి పడుట, వీటిలో ఏది కనిపించినను ఫోనులో వెదకుచు కూర్చొనక ఆసుపత్రికి వెళ్లవలెను. ఇట్టి సమయమున గృహవైద్యము చేయుట ప్రమాదకరము. మొదటి దినమే మూత్రపు రంగు గమనించియున్నచో ఆ కుర్రవానికి రెండు దినములు వృథా కాకుండెడివి.

ఆ వ్యాపారికి మేము చెప్పిన సమాధానమిది: "ఫోను పెరుక్కోవద్దు. సాయంత్రము మీరును వాని ప్రక్కన కూర్చొని చూడుడు." వైద్యులు అనుమతించిన పిదప ఆ కుర్రవాడు శ్రావణమాసములో 10 బస్కీలతో తిరిగి మొదలిడినాడు. కార్తికమునకు 40 చేరినాడు. లెక్కపెట్టువారు తండ్రిగారు. కుమారుని శ్వాస నోటికి రాగానే, "ఇంక చాలు" అనువారును వారే.