ఆర్వెల్ యుద్ధం చేసిన పార్టీ

'యానిమల్ ఫామ్' మనలో చాలామంది చదివే ఉంటారు. అది రాసిన జార్జ్ ఆర్వెల్ అంతకుముందు స్పెయిన్ అంతర్యుద్ధంలో తుపాకీ పట్టుకుని పోరాడాడు. ఏ పార్టీ దళంలో అంటే, పౌమ్. పూర్తి పేరు మార్క్సిస్టు ఐక్యతా కార్మిక పార్టీ.

1935లో బార్సిలోనాలో రెండు చిన్న కమ్యూనిస్టు గ్రూపులు కలిసి దీన్ని పెట్టాయి. 1936లో జనరల్ ఫ్రాంకో తిరుగుబాటు చేయగానే పౌమ్ కార్మికులు దళాలు కట్టి ఆరగాన్ ఫ్రంట్‌కి వెళ్లారు. అదే ఏడు మాస్కోలో స్టాలిన్ పాత బోల్షివిక్కుల మీద పెట్టిన కేసులు బూటకమని తమ పత్రికలో రాసేశారు. అసలు నేరం ఇదే. ఎందుకంటే స్పెయిన్ ప్రభుత్వానికి ఆయుధాలు ఎక్కువగా వచ్చేది సోవియట్ నుంచే. వీళ్లకి ట్రాట్‌స్కీ మనుషులని ముద్ర వేశారు. ట్రాట్‌స్కీకే వీళ్లంటే పడేది కాదు, అది వేరే కథ!

1937 మేలో బార్సిలోనా టెలిఫోన్ ఎక్స్ఛేంజ్ దగ్గర పోలీసులకీ అనార్కిస్టులకీ కాల్పులు మొదలయ్యాయి. పౌమ్ అనార్కిస్టుల వైపు నిలబడింది. జూన్‌లో పార్టీని నిషేధించారు, ఫాసిస్టు గూఢచారులన్నారు. నాయకుడు ఆంద్రేవ్ నిన్‌ని పట్టుకెళ్లి సోవియట్ రహస్య పోలీసులు చంపేశారు. "నిన్ ఎక్కడ?" అని గోడల మీద రాతలు వెలిశాయి. 1938లో మిగతా నాయకుల విచారణలో గూఢచర్యం ఆరోపణ నిలవలేదు. అయినా మే గొడవలకి నలుగురికి పదిహేనేళ్ల జైలు వేశారు.