చేతివేగం తగ్గినప్పుడు
నాది మడకశిర, పని బెంగళూరు పీణ్యలో లేత్ మిషను మీద. హెచ్‌ఐవీ మందులు మొదలెట్టకముందు, డ్రాయింగులో కొలత చూసి మిషను వైపు తిరిగేసరికి మరిచిపోయేవాణ్ని. చేతివేగమూ తగ్గింది.

హెచ్‌ఐవీ వైరస్ మెదడులోని రక్షక కణాల్లో తిష్ఠవేస్తుంది. దానివల్ల పుట్టే వాపు నాడీకణాలను దెబ్బతీస్తుంది. ధ్యాస, జ్ఞాపకం, చురుకుదనం సన్నగిల్లుతాయి. బెంగళూరులోని నాడీ, మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ పరిశోధకులు 2007లో ప్రచురించిన అధ్యయనంలో, 119 మంది హెచ్‌ఐవీ బాధితుల్లో దాదాపు 60 శాతం మందికి ఇలాంటి లోపాలు కనిపించాయి.

హెచ్‌ఐవీని అణచే ఏఆర్‌టీ మందులను 2004 నుంచి ప్రభుత్వం ఉచితంగా ఇస్తోంది. తొందరగా మొదలెట్టి క్రమం తప్పకుండా వాడితే తీవ్రమైన మతిభ్రంశం అరుదు. దిగులు, బీ12 లోపం, థైరాయిడ్ సమస్య కూడా మరపు తెస్తాయి. వాటికీ వైద్యం ఉంది. కాబట్టి మరపు సంగతి డాక్టరు దగ్గర దాచకండి, అన్నా. పనిచోట ఏమవుతుందోనన్న భయమా? హెచ్‌ఐవీ ఉందని పనిలో వివక్ష చూపడాన్ని 2017 చట్టం నిషేధించింది.