ఉంగరం పోయిన ఇంద్రజకు ఎన్ని మార్కులు?

మన స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో నలుగురు తెలుగు పిల్లలు ఒకచోట చేరితే పది నిమిషాల్లో వాదన మొదలవుతుంది. హల్క్ గొప్పా, ఘటోత్కచుడు గొప్పా? స్పైడర్‌మాన్, హనుమంతుడు ఎదురెదురు పడితే గెలిచేదెవరు? పెద్దవాళ్ళం బిర్యానీ ప్లేట్లు పట్టుకుని నవ్వుకుంటూ పోతాం గానీ, ఇది అంత తీసిపారేయాల్సిన ప్రశ్న కాదు. ఇరవయ్యేళ్ళుగా డేటాబేసులతో కుస్తీ పడుతున్నవాణ్ణి కాబట్టి నాకు తోచేది ఒక్కటే: ఇద్దర్ని పోల్చాలంటే ముందు పట్టిక గీయాలి. అందులో ఏయే గడులు ఉండాలన్నదే అసలు చిక్కు.

పాత పట్టిక

మనవాళ్ళు ఈ పని ఎప్పుడో చేసిపెట్టారు. అవే అష్టసిద్ధులు. ఒళ్ళు అణువంత చేసుకోవడం అణిమ, కొండంత పెంచుకోవడం మహిమ, ఎవరూ కదపలేనంత బరువెక్కడం గరిమ, దూదిలా తేలిపోవడం లఘిమ. ఎంత దూరాన ఉన్నదైనా అందుకోవడం ప్రాప్తి, కోరింది కోరినట్టు జరగడం ప్రాకామ్యం, అన్నిటి మీదా అధికారం ఈశిత్వం, ఎదుటివారిని వశం చేసుకోవడం వశిత్వం.

ఈ లెక్కన యాంట్‌మాన్‌ది అణిమ. ఎదుటివాళ్ళ మనసుల్లో దూరే ప్రొఫెసర్ ఎక్స్‌ది వశిత్వం. మరి హనుమంతుడో? లంకలో అడుగు పెట్టేటప్పుడు అణిమ, సురస నోరు తెరిచినప్పుడు మహిమ, భీముడికి తోక అడ్డం పెట్టినప్పుడు గరిమ. ఒక్కడే ఎన్ని గడులు నింపాడో చూశారా!

అయితే ఈ పట్టిక ఎవరు ఏం చేయగలరో మాత్రమే చెబుతుంది. వాళ్ళు పుస్తకం అట్ట దాటి, సినిమా తెర దాటి మన మధ్యకు వస్తే ఆ శక్తిలో ఎంత మిగులుతుందో చెప్పదు. అది తెలియాలంటే మన తెలుగు సినిమాల్లోకి వెళ్ళాలి. మరో లోకం వాళ్ళను భూమ్మీదకు దించడం మన దర్శకులకు మహా సరదా కదా! వాటిని చూస్తూ నేను గీసుకున్న నాలుగు గడులు ఇవి.

కొత్త గడులు నాలుగు

మొదటిది, వస్తువులో ఉన్న శక్తి. 1990లో వచ్చిన ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’లో ఇంద్రుడి కూతురు ఇంద్రజ భూమ్మీద ఉంగరం పోగొట్టుకుంటుంది. అది లేకపోతే తిరిగి స్వర్గానికి వెళ్ళలేదు. ఆఫీసులో యాక్సెస్ కార్డు మరిచిపోయిన ఉద్యోగి లాంటిదన్నమాట. 1994 నాటి ‘యమలీల’లోనూ ఇదే ఇబ్బంది. భవిష్యవాణి పుస్తకం భూమ్మీద పడిపోతే యముడు, చిత్రగుప్తుడు దాన్ని వెతుక్కుంటూ దిగివస్తారు. వచ్చిన యముడేమో హిమక్రీములకు మురిసిపోతాడు!

రెండోది, ఒంట్లో ఉన్న శక్తి. 1957 నాటి ‘మాయాబజార్’లో ఎస్.వి. రంగారావు ఘటోత్కచుడు తలుచుకుంటే శశిరేఖ అయిపోతాడు. ఆయనకు ఉంగరంతో పనిలేదు. 1995లో ‘ఘటోత్కచుడు’ సినిమాలో ఎస్.వి. కృష్ణారెడ్డి ఆయన్ని మన కాలానికి దించి ఓ చిన్నపిల్లకు అండగా నిలబెట్టారు. ఈసారి వేషం కైకాల సత్యనారాయణది. కాలం మారినా కండ తగ్గలేదు.

మూడోది, నియమానికి కట్టుబడిన శక్తి. 1988లో వచ్చిన ‘యముడికి మొగుడు’లో ఆయుష్షు తీరని మనిషిని తీసుకువచ్చినందుకు సాక్షాత్తు యముడే ఇరుకున పడతాడు. మన క్వీన్స్‌లాండ్‌లోని మేరీబరోలో 1899లో పుట్టిన పి.ఎల్. ట్రావర్స్ సృష్టించిన మేరీ పాపిన్స్ కూడా ఈ గడిలోకే వస్తుంది. తూర్పుగాలితో వచ్చింది, గాలి మారగానే వెళ్ళిపోయింది. పిల్లలు ఎంత బతిమాలినా గాలిదే ఆఖరి మాట. మేరీబరోలో ఆమె కంచు విగ్రహం ఉంది, అటు వెళ్ళినప్పుడు చూడండి.

నాలుగోది, చూసేవాళ్ళ మనసులో ఉన్న శక్తి. రామారావుగారు తెరమీద కృష్ణుడు, రాముడు అయ్యాక తిరుపతి యాత్రకు వెళ్ళినవాళ్ళు మద్రాసు దాకా వెళ్ళి, ఆయన ఇంటిముందు నిలబడి దణ్ణం పెట్టుకునేవారు. 1982 మార్చి 29న ఆయన పార్టీ పెట్టారు, 1983 జనవరికల్లా ముఖ్యమంత్రి అయ్యారు. రాజకీయాల సంగతి అలా ఉంచండి. కథలోంచి నిజంగా బయటికి నడిచివచ్చిన శక్తి ఈ ఒక్కటే. అది కిరీటంలో లేదు, జనం కళ్ళలో ఉంది.

మన ఇంటికి వచ్చే దేవతలు

లోకం దాటి వచ్చేవాళ్ళు సినిమాల్లోనే కాదు, మన ఇళ్ళల్లోనూ ఉన్నారు. అమ్మమ్మలు, నానమ్మలు, తాతయ్యలు!

మా నాన్నగారు లెక్కల మాస్టారు. మా ఊళ్ళో ఆయన వీధిలోకి వస్తే అరుగుల మీద కూర్చున్నవాళ్ళు లేచి నిలబడతారు. ఇక్కడ తలుపు తీస్తే ఖాళీ ఫుట్‌పాత్. కారు నడపలేరు, పక్కింటివాళ్ళ ఇంగ్లీషు అంతుపట్టదు. మేమంతా ఆఫీసులకూ స్కూళ్ళకూ పోతే కిటికీ దగ్గర కుర్చీయే లోకం. మూడో వారంలో మెల్లగా అడిగారు, “ఒరే అబ్బాయ్, టికెట్ కాస్త ముందుకు జరపడం వీలవుతుందేమో చూడు” అని.

ఆ రాత్రే మా అమ్మాయి తన పట్టిక పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్ళింది.

“తాతయ్యా, హనుమంతుడికి ఇన్ని పవర్లున్నాయి కదా, మరి సముద్రం దగ్గర ఊరికే ఎందుకు కూర్చున్నాడు?”

“తన శక్తి తనకు గుర్తులేదమ్మా. చిన్నప్పుడు అల్లరి చేస్తే మునులు శపించారు. ఎవరైనా గుర్తుచేస్తేనే తెలుస్తుంది. జాంబవంతుడు గుర్తుచేశాడు, లేచి దూకాడు.”

అది కాసేపు ఆలోచించి అడిగింది. “అయితే జాంబవంతుడి పవర్ ఏ గడిలో రాయాలి?”

ఆయన గట్టిగా నవ్వారు. వచ్చాక ఆయన అలా నవ్వడం అదే మొదటిసారి.

మర్నాడు అది భిన్నాల హోంవర్కు ఆయన ముందు పెట్టింది. పావు, అర, ముప్పావు అంటూ ఆయన దోసె ముక్కలతో మొదలుపెట్టారు. వారం తిరిగేసరికి మరో ఇద్దరు పిల్లలు పుస్తకాలతో వచ్చి కూర్చున్నారు. సాయంత్రం స్ప్రింగ్ లేక్ చుట్టూ నడుస్తుంటే “తాతయ్యా” అని కేకలు వినిపించేవి. ఆయన మళ్ళీ టికెట్ మాట ఎత్తలేదు. గాలి మారే రోజు, అదే వీసా గడువు, వచ్చినప్పుడే వెళ్ళారు.

పిల్లలూ, మీకో పని

ఈ సెలవుల్లో ఒక కాగితం మీద నాలుగు గడులు గీయండి. మీకిష్టమైన హీరోలనూ మీ అమ్మమ్మ తాతయ్యలనూ పక్కపక్కన రాయండి. వాళ్ళు ఊళ్ళో వదిలి వచ్చిన ఉంగరం ఏమిటి? స్కూటరా, పెరడా, ఇరుగుపొరుగా? వాళ్ళతోపాటే వచ్చిన శక్తి ఏమిటి? ఆవకాయ కలిపే చెయ్యా, నోటికి వచ్చిన పద్యాలా, చుక్కల పేర్లా? వాళ్ళకు గాలి మారే తేదీ ఎప్పుడు?

ఈ మూడు గడులూ వాళ్ళను అడిగి నింపండి. నాలుగోది మాత్రం వాళ్ళు చెప్పలేరు. అది జాంబవంతుడి గడి, మీరే నింపాలి.