మలివయసులో మనసుకు వ్యాయామం

వయసు మళ్లినవారిని మోకాళ్ల నొప్పులకన్నా ఒంటరితనమే ఎక్కువగా బాధించవచ్చు. తోటివారు దూరమవుతారు, నిద్ర తగ్గుతుంది. పడిపోతామనే భయంతో కొందరు గడప దాటరు. అందువల్ల కాళ్లు మరింత బలహీనపడి దిగులు పెరుగుతుంది. నడక, యోగాభ్యాసం ఈ చిక్కును కొంత విడదీస్తాయి. ఊపిరిని నెమ్మదిగా విడిచేటప్పుడు గుండె వేగం తగ్గి మనసు కుదుటపడుతుంది.

యోగమంటే తలకిందులుగా నిలవడమే కాదు. అధిక రక్తపోటు ఉన్నవారు శీర్షాసనం జోలికి పోరాదు. మద్రాసులో చాలాకాలం యోగం బోధించిన తిరుమలై కృష్ణమాచార్య (1888-1989) ఎవరి వయసుకు, శక్తికి తగినట్లు వారికి నేర్పేవారు. కుర్చీలో కూర్చొని, ఊపిరి తీసుకుంటూ చేతులెత్తడమూ అభ్యాసమే.

65 ఏళ్లు దాటినవారికి వారానికి కనీసం 150 నిమిషాలు చురుకైన నడకవంటి శ్రమ, 3 రోజులు తూలకుండా నిలదొక్కుకునే వ్యాయామాలు మంచివని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. మనవలు వెంట నడిస్తే తాతయ్యకు మాటల తోడూ దొరుకుతుంది.