సీటు వచ్చేదాకా

(బి.యస్సీ. మూడవ సంవత్సరం విద్యార్థి, రోలుగుంట)

పరీక్ష మూడు గంటల్లో అయిపోతుంది. ఆ పరీక్షలో వచ్చిన ర్యాంకుకు ఏ కాలేజీ దొరుకుతుందో తేలడానికి మాత్రం మూడు నాలుగు నెలలు పడుతుంది. మన కళాశాలలో అడుగుపెట్టిన ప్రతి విద్యార్థీ ఈ నిరీక్షణ దాటి వచ్చినవాడే. ఇప్పుడు మన ఇళ్లలో తమ్ముళ్లూ చెల్లెళ్లూ దాటుతున్నారు. అందుకే ఈ సంచికలో దీని గురించి రాయాలనిపించింది.

మా రోలుగుంట వైపు రైతులకు ఎదురుచూడడం కొత్తేమీ కాదు. ఆకుమడి పోసి వాన కోసం చూస్తారు. చెరకు పెంచి ఫ్యాక్టరీ వారి కటింగ్ ఆర్డరు కోసం చూస్తారు. వాన ఆలస్యమై ఆకు ముదిరిపోతే ఉభాల్లో కుదురుకు రెండు మొక్కలు ఎక్కువ పెట్టాలని వాళ్లకు తెలుసు. కౌన్సెలింగ్ వాయిదా పడితే ఏం చెయ్యాలో మాత్రం ఇంట్లో ఎవరికీ తెలియదు. "ఏటిరా, ఇంకా పిలుపు రాలేదా?" అని నాన్న అడుగుతాడు. "మీ వోడు ఏటి సదవతన్నాడు?" అని వీధిలో వాళ్లు అమ్మను అడుగుతారు. ఇద్దరికీ చెప్పడానికి కుర్రవాడి దగ్గర మాట ఉండదు.

వాయిదాలు ఈనాటివి కావు. 1986లో ఎంసెట్ మొదలైంది. 2013లో సమైక్యాంధ్ర ఉద్యమం, ఉద్యోగుల సమ్మెల మధ్య సర్టిఫికెట్ల పరిశీలనే కష్టమైంది. 2014లో రాష్ట్ర విభజన జరిగి, మే 22న రాసిన పరీక్షకు ఆగస్టులో గాని కౌన్సెలింగ్ మొదలు కాలేదు. ఆగస్టు 31కల్లా ముగించమని సుప్రీంకోర్టు ఆదేశించింది. తరువాత రెండో విడతకు అనుమతి కోరితే ఒప్పుకోలేదు. "రెండో విడతలో సర్దుకుందాం లే" అనుకున్నవాళ్లకు ఆ ఏడు రెండో విడతే లేకపోయింది. 2020లో కరోనా వల్ల పరీక్షే సెప్టెంబరులో జరిగింది. 2024లో నీట్ ప్రశ్నపత్రం గొడవ సుప్రీంకోర్టుకు వెళ్లింది, జులై 23న మళ్లీ పరీక్ష అక్కరలేదని కోర్టు చెప్పాక ఆగస్టులో కౌన్సెలింగ్ మొదలైంది. 2025లో ఇంటర్ ఫలితాలు ఏప్రిల్ 12న వస్తే, మన రాష్ట్రంలో డిగ్రీ ఆన్‌లైన్ ప్రవేశాల రిజిస్ట్రేషన్ ఆగస్టు మూడో వారానికి గాని తెరుచుకోలేదు. బి.యస్సీ. అంటే ఎవరికీ తొందర ఉండదు కాబోలు!

ఇవన్నీ బయటి కారణాలు. ఏ గొడవా లేని ఏడాదిలో కూడా కొంత ఆలస్యం తప్పదు. ఆ ఆలస్యం లోపల ఏం జరుగుతుందో తెలిస్తే భయం సగం తగ్గుతుంది.

1962లో డేవిడ్ గేల్, లాయిడ్ షాప్లీ అనే ఇద్దరు అమెరికన్ గణిత శాస్త్రజ్ఞులు కాలేజీ ప్రవేశాల మీద ఒక చిన్న వ్యాసం రాశారు. అందులో కష్టమైన సమీకరణం ఒక్కటీ లేదు. వాళ్లు చెప్పింది అర్థం కావాలంటే అనకాపల్లి బెల్లం మార్కెట్టులో పాట గుర్తు తెచ్చుకోండి. ఒకరు ధర చెప్పగానే సరుకు ఆయనదైపోదు. ఆ ధరను చేతిలో పెట్టుకుంటారు. ఇంకొకరు పెంచితే మొదటి ఆయన పక్కకు వెళ్తాడు, పాడేవాళ్లు ఆగిపోయాకే ఖాయం చేస్తారు. గేల్, షాప్లీల పద్ధతిలోనూ అంతే. విద్యార్థులంతా ముందు తమ మొదటి ఇష్టానికి వెళతారు. కాలేజీ ఎవరికీ వెంటనే ఖాయంగా "సరే" అనదు. తన సీట్లకు సరిపడా మెరుగైనవాళ్లను తాత్కాలికంగా ఉంచుకుని మిగతావాళ్లను పంపేస్తుంది. వాళ్లు రెండో ఇష్టానికి వెళతారు. అక్కడ అంతకుముందు కూర్చున్నవాళ్లలో కొందరు లేవవలసి వస్తుంది. ఎవరూ కదలనక్కరలేని స్థితి వచ్చేదాకా ఇలా సాగుతుంది. ఖాయం చేయడాన్ని చివరిదాకా వాయిదా వేయడమే ఇందులో కీలకం. ముందు వచ్చినవాడికి ముందే ఖాయం చేసేస్తే వెనక వచ్చిన మెరుగైనవాడికి అన్యాయం జరుగుతుంది. షాప్లీకి 2012లో ఆల్విన్ రాత్‌తో కలిపి అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. అప్పటికి గేల్ జీవించి లేరు. ఐఐటీలు, ఎన్ఐటీల సీట్లు 2015 నుంచి ఉమ్మడిగా పంచుతున్న పద్ధతికి కూడా మూలం ఇదే.

మన ఈఏపీసెట్‌లో (2021 నుంచి ఎంసెట్ పేరు ఇది) పని ఇంకా సులువు, ఎందుకంటే అన్ని కాలేజీలకూ ఒకటే ర్యాంకుల వరస. కంప్యూటరు మొదటి ర్యాంకు నుంచి మొదలుపెట్టి, ఒక్కొక్కరి ఆప్షన్లు పైనుంచి కిందికి చూసి, వాళ్ల కేటగిరీలో ఖాళీ ఉన్న మొదటి సీటు ఇచ్చేస్తుంది. ఇందులో మన పల్లెటూరి పిల్లలు తరచు పొరబడే చోటు ఒకటుంది. "పెద్ద కాలేజీ మొదట పెడితే అది రాదు, అది రాకపోతే రెండోదీ పోతుంది" అని భయపడి, వచ్చేలా కనిపించినదాన్ని మొదట పెట్టేస్తారు. అలా పోదు. మొదటి ఆప్షన్ దొరక్కపోతే రెండోదాని దగ్గర మీరు వెనక వరసకు వెళ్లరు. మీ ర్యాంకే మీ వరస. కాబట్టి నిజంగా ఏది ఎక్కువ ఇష్టమో అదే మొదట పెట్టండి. నెట్ సెంటరు అబ్బాయి చెప్పినా, మేనమామ చెప్పినా వరస మార్చకండి.

ఇక రెండో విడత. ఐఐటీలోనో, మెడికల్ కాలేజీలోనో సీటు వచ్చినవాడు ఇక్కడిది వదిలేస్తాడు. ఆ ఖాళీలోకి ఇంకొకడు, వాడి ఖాళీలోకి మరొకడు. పైన ఒక్కడు లేస్తే కింద అయిదారుగురు కదలవచ్చు. నీట్ ఆలస్యమైతే బైపీసీ వాళ్ల కోర్సులన్నిటిలో కదలిక ఆలస్యం కావడానికి కారణం ఇదే. కాని జాగ్రత్త: సీటు వచ్చాక మళ్లీ ఆప్షన్లు ఇచ్చి కొత్తది వస్తే పాతది పోతుంది, తిరిగి రాదు. చేతిలో ఉన్నదానికంటే మంచివి అనుకున్నవే రెండో విడతలో పెట్టాలి.

ఎదురుచూపులో అసలు ప్రమాదం మరోచోట ఉంది. మా ఊరి కుర్రవాడొకడు కౌన్సెలింగ్ ఎప్పుడో తెలియక దిగులుగా ఉన్న రోజుల్లో ఒక ప్రైవేటు కాలేజీ మనిషి ఇంటికి వచ్చాడు. "ఇప్పుడు బ్లాక్ చేసుకోండి, తరువాత దొరకదు" అన్నాడు. అప్పు తెచ్చిన డబ్బు, దాంతోపాటు ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చేశారు. నెల తరువాత కౌన్సెలింగ్‌లో వాడికి దగ్గరలోనే మంచి సీటు వచ్చింది. రిపోర్టు చెయ్యడానికి చేతిలో టి.సి. లేదు. గడువు దాటిపోయింది. ఒరిజినల్స్ చూసి తిరిగి ఇచ్చెయ్యాలి గాని దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018 అక్టోబరులో స్పష్టంగా ప్రకటించింది. ప్రవేశాల గడువుకు 15 రోజులు ముందుగా మానుకుంటే ఫీజు తిరిగి ఇవ్వాలి, అందులో 5 శాతం వరకు, అదీ 5,000 రూపాయలకు మించకుండా, ఖర్చుల కింద పట్టుకోవచ్చు. ఆలస్యమైనకొద్దీ తిరిగి వచ్చేది తగ్గుతుంది. ఈ సంగతి ఆ ఇంట్లో ముందే తెలిసి ఉంటే ఆ కుర్రవాడు ఈరోజు వేరేచోట చదువుతుండేవాడు.

కాబట్టి ఆ నెలల్లో కాగితాలు సిద్ధం చేసుకోవడం పెద్ద పని. ఆరో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లు, కులం, ఆదాయం. ఈడబ్ల్యూఎస్ పత్రం ఆ ఆర్థిక సంవత్సరానిదే చెల్లుతుంది. నిరుటిది పట్టుకెళ్లి తిరిగి వచ్చినవాళ్లున్నారు. అగ్రికల్చర్ బి.యస్సీ.లో రైతు కుటుంబాల పిల్లలకు 40 శాతం కోటా ఉంది గనుక పొలం కాగితాలు, పల్లెలో చదివినట్టు రుజువులు కూడా దగ్గర పెట్టుకోవాలి.

మరి మనసు సంగతి? అమెరికాలోని కాలిఫోర్నియాలో లాయరు పరీక్ష రాసినవాళ్లు ఫలితానికి నాలుగు నెలలు చూడాలి. కేట్ స్వీనీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె సహచరులు అలాంటివాళ్లను ఆ కాలమంతా పరిశీలించి 2016లో ఫలితాలు ప్రచురించారు. దిగులు తగ్గించుకోవడానికి వాళ్లు పన్నిన ఉపాయాలు చాలావరకు పనిచెయ్యలేదట! పైగా నిశ్చింతగా ఉన్నవాళ్లకంటే బాగా మథనపడినవాళ్లే చెడ్డ వార్తను బాగా తట్టుకున్నారట. అంటే దిగులు పడడం చేతకానితనం కాదు. పూర్తిగా లీనమయ్యే పని ఏదైనా ఉంటే కొంత తేలిక అని కూడా ఆమె తరువాతి పరిశోధనల్లో తేలింది. ఉభాల రోజుల్లో మడిలో వంగి ఆకు నాటేవాడికి పది నిమిషాలకోసారి ఫోను చూసే వీలుండదు కదా! నిద్ర పట్టనంత, తిండి సయించనంత దిగులైతే 14416కు ఫోను చెయ్యండి. అది ప్రభుత్వం 2022లో పెట్టిన టెలి మానస్ నంబరు, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడవచ్చు.

చివరి విడత కూడా అయ్యాక మిగిలిన సీట్లకు కాలేజీల్లో స్పాట్ అడ్మిషన్లు జరుగుతాయి. విసిగిపోయినవాళ్లు అక్కడికి పరుగెత్తుతారు. అలా చేరినవారికి ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తించదు, ఫీజంతా ఇంటివాళ్లే కట్టుకోవాలి. నాన్నను సంతకం పెట్టమనే ముందు నాలుగేళ్ల మొత్తం ఎంతవుతుందో కాగితం మీద రాయించుకుని ఆయనకు చదివి వినిపించండి.