తల నరకొద్దు, పలచన చేయండి

మా విళాత్తికుళం పక్క ఐప్పసి వానలకి ముందు, గాలికి పడుతుందేమోనని వేపమాను తలే నరికేస్తారు. 2018లో గజ తుఫానుకి డెల్టాలో మానులు కూలడం చూశాం, భయం సహజమే. కానీ నీడ పోతుంది. నరికినచోట గుబురుగా చిగుళ్లు లేచి కొమ్మలవుతాయి. పైపైన పట్టుకున్నవి గనక గాలికి అవే ముందు విరుగుతాయి.

పని తెలిసినవాళ్లు మొదట ఎండిన కొమ్మలు, ఒకదానికొకటి రాసుకునేవి తీస్తారు. గాలి దూరడానికి సందు వస్తుంది. ఒక్కసారికి నాలుగో వంతుకన్నా ఎక్కువ ఆకు పోనివ్వరు. పొడుగు తగ్గించాలంటే, బలమైన పక్కకొమ్మ పుట్టినచోట కోస్తారు. బరువు కొమ్మకి ముందు కిందనించి గాటు, తర్వాత పైనించి కోత; లేకుంటే బెరడు చీలుతుంది. కొమ్మ మొదట్లో ఉండే ఉబ్బుని కోయకుండా వదిలితే గాయం మూసుకుంటుంది.

ఈసారి కత్తి తెచ్చినాయన కనబడితే చెప్పండి: "తల వద్దు, కొమ్మ చూసి తియ్యండన్నా!"